ఓపెన్‌కనెక్ట్ కనెక్ట్ అవుతోంది కానీ ఆఫీస్ సైట్లు ఓపెన్ అవ్వట్లేదు, హెల్ప్ ప్లీజ్

పీజీ_పక్షి:
బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. ఆఫీస్‌లో అందరికీ సిస్కో ఎనీకనెక్ట్ (ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి పోయే వీపీఎన్), నేను మాత్రం దాని బదులు టెర్మినల్‌లో సుడో ఓపెన్‌కనెక్ట్ కొట్టి గేట్‌వే (ఆఫీస్ వీపీఎన్ సర్వర్) పేరు ఇస్తున్నా (ఐటీ వాళ్ళని అడిగే పెట్టుకున్నా, వాడుకో కానీ సపోర్ట్ ఇవ్వం అన్నారు). పాస్‌వర్డ్, ఓటీపీ తీసుకుంటుంది, టన్0 (వీపీఎన్ కనెక్షన్ పేరు) వస్తుంది, ఐపీతో ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) చేస్తే సర్వర్‌లోకి పోతున్నా. ఆఫీస్ గిట్ (కోడ్ ఉండే సర్వర్), వికీ పేర్లు కొడితే మాత్రం హోస్ట్ దొరకలేదు అంటది. పోనీ అని ఐపీతోనే గిట్ క్లోన్ (కోడ్ మొత్తం దింపుకోవడం) పెడితే కొంచెం కదిలి అలాగే నిలబడిపోద్ది, అదే ఫోన్ హాట్‌స్పాట్ మీద శుభ్రంగా దిగుతుంది. సోమవారం రిలీజ్ ఉంది, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ఆఫీస్‌కి పోయే ఓపిక లేదు, ఎవరైనా చెప్పండి.

ఓఎంఆర్_బాబాయ్:
ఇవి రెండు వేరే సమస్యలు బ్రో, కలిపి వెతికావంటే తెల్లారిపోద్ది. పేర్ల సంగతి డీఎన్ఎస్, అంటే సైటు పేరుని ఐపీగా మార్చేది. ఓపెన్‌కనెక్ట్ టనెల్ వేసి ఊరుకుంటది, రూట్లు, డీఎన్ఎస్ పెట్టేది వీపీఎన్‌సీ-స్క్రిప్ట్ అని వేరే స్క్రిప్ట్. రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ (డీఎన్ఎస్ సెట్టింగులు చూపించే కమాండ్) కొట్టి చూడు, టన్0 కింద ఆఫీస్ డీఎన్ఎస్ లేకపోతే దొంగ దొరికినట్టే. ఓపెన్‌కనెక్ట్‌ని -వి పెట్టి రన్ చేస్తే గేట్‌వే పంపిన డీఎన్ఎస్ ఐపీ కనపడుద్ది, దాన్ని సుడో రిజాల్వ్‌సీటీఎల్ డీఎన్ఎస్ టన్0 పక్కన ఇవ్వు, తర్వాత రిజాల్వ్‌సీటీఎల్ డొమైన్ టన్0 పక్కన ఆఫీస్ డొమైన్, దాని ముందు ~ గుర్తు. అది పెడితే ఆఫీస్ పేర్లు మాత్రమే అటు పోతాయి, నీ యూట్యూబ్ పీజీ డీఎన్ఎస్‌తోనే నడుస్తది.

చిత్తూరమ్మాయి:
క్లోన్ ఆగిపోయేది ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) వల్లే అనుకుంటా. ఎస్ఎస్‌హెచ్‌లో మనం కొట్టే అక్షరాలు చిన్న ప్యాకెట్లు కాబట్టి పోతాయి, క్లోన్‌లో అన్నీ నిండు ప్యాకెట్లే. మామూలుగా 1500 బైట్లు, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్) లైన్ అయితే 1492, దాంట్లోనే వీపీఎన్ హెడ్డర్లు కూడా పట్టాలి, పట్టనివి మధ్యలో ఎక్కడో పడిపోతాయి, ఎర్రర్ కూడా రాదు, అదే దీంతో తలనొప్పి. --ఎంటీయూ=1200 పెట్టి మళ్ళీ కనెక్ట్ అవ్వు. అప్పటికీ కదలకపోతే --నో-డీటీఎల్ఎస్, అంటే యూడీపీ మానేసి మొత్తం టీసీపీ మీద పోద్ది, కాస్త స్లో అంతే.

లాగ్‌అవుట్_రెడ్డి:
ఇంత గోల ఎందుకు, ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్‌కి ఓపెన్‌కనెక్ట్ ప్లగిన్ ఉంది, వేసుకో, డీఎన్ఎస్ అదే చూసుకుంటది. ఇంకోటి, ఆపేటప్పుడు కిల్ -9 కొట్టొద్దు, కంట్రోల్ సీ కొట్టు, లేకపోతే స్క్రిప్ట్ వెనక్కి సర్దదు, పాత సెట్టింగులు అలాగే ఉండిపోతాయి. సర్టిఫికెట్ వార్నింగ్ వస్తే కళ్ళు మూసుకుని యస్ కొట్టకు, అసలే పీజీ వైఫై.

పీజీ_పక్షి:
బాబాయ్ చెప్పినట్టే టన్0 కింద డీఎన్ఎస్ ఖాళీ, పెట్టగానే వికీ తెరుచుకుంది. 1200తో క్లోన్ కూడా ఆగకుండా దిగింది అక్కా, నో-డీటీఎల్ఎస్ దాకా పోలేదు. ప్లగిన్ రిలీజ్ అయ్యాక చూస్తా రెడ్డన్నా, ఇప్పుడు నడిచేదాన్ని కదపను.