కాకతీయుల కాలపు కథల్లో స్త్రీ పాత్రలను ఎలా రాయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రుద్రమదేవి పాలనాకాలం నేపథ్యంగా ఒక నవల రాస్తున్నాను. పన్నెండు అధ్యాయాలు పూర్తయ్యాక మొదటి నుంచి చదువుకుంటే, నా కథలోని ఆడవాళ్లు గుర్రమెక్కి కత్తి దూయడమో, గవాక్షం దగ్గర నిలబడి భర్త కోసం ఎదురుచూడడమో తప్ప మరే పనీ చేయడం లేదని తెలిసి చాలా బాధ కలిగింది. రుద్రమను కూడా మగవేషంలో ఉన్న వీరయువతిగానే చూపించాను. ఆ కాలపు స్త్రీల చేతుల్లో నిజంగా ఏయే పనులు ఉండేవో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1:
శాసనాలతో మొదలుపెట్టండి. బయ్యారం చెరువు శాసనం వేయించింది రుద్రమ తండ్రి గణపతిదేవుని సోదరి మైలాంబ. కాకతీయుల తొలి తరాల వంశక్రమం మనకు తెలియడానికి ముఖ్యమైన ఆధారాల్లో అది ఒకటి. అంటే పుట్టింటి చరిత్రను రాతికెక్కించింది ఒక ఆడపడుచు. గణపతిదేవుని మరో కూతురు గణపాంబ, భర్త కోట బేతరాజు మరణించాక ధరణికోట ప్రాంతాన్ని తానే పాలించి, ఆయన పేరిట ఒక గుడి, తండ్రి పేరిట ఒక గుడి కట్టించింది. వితంతువు పాత్రను రాసేటప్పుడు ఈమెను గుర్తుంచుకోండి. 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల ప్రస్తావన కూడా ఉంది. అక్కడ దీపం పెట్టుకుని తెల్లవార్లూ మేల్కొని ఉన్న మంత్రసానికి మీ నవలలో ఒక అధ్యాయం ఇవ్వవచ్చు.

ఇక మగవేషం సంగతి. శాసనాలు రుద్రమను రుద్రదేవ మహారాజు అని పేర్కొన్న మాట నిజమే కానీ, అది సింహాసనానికి తగిన పేరే తప్ప ఆమె స్త్రీ అన్న సంగతిని దాచిపెట్టడం కాదని నా అభిప్రాయం. నిడదవోలు చాళుక్య వీరభద్రునితో ఆమెకు వివాహమైంది. మార్కో పోలో కూడా ఈ దేశాన్ని రాణి పాలిస్తోందనే రాశాడు. కాకపోతే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా పొరబడ్డాడు. తండ్రి తర్వాత కూతురు రాజ్యమేలడం అతని ఊహకు అందలేదేమో!

జవాబు 2:
పై మాటలకు ఒకటి చేరుస్తాను. మన కథల్లో రుద్రమకు వయసే రాదు. 1262 ప్రాంతంలో రాజ్యానికి వచ్చిన ఆమె, తన సేనాని మల్లికార్జున నాయకునితో పాటు శివసాయుజ్యం పొందినట్లు 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతోంది. తిరుగుబాటు చేసిన కాయస్థ సామంతుడు అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే మరణించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తారు. అప్పటికి ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు రాజ్యభారం అందుకోగలిగినవాడు. తల నెరిసిన అమ్మమ్మ యుద్ధానికి బయలుదేరిన ఆ ఉదయాన్ని ఎవరైనా రాస్తే చదవాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను.

జవాబు 3:
శాసనాలు అవసరమే, కానీ దానం చేయగలిగిన కలవారి పేర్లే రాతికెక్కాయి. మిగిలినవారి కోసం జనం పాడుకున్న కథలను కూడా వినాలి, అయితే వాటి పక్షపాతాన్ని గమనిస్తూ వినాలి. మాది పల్నాడు. కారంపూడి తిరునాళ్లలో వీరుల కథ వింటూ, నలగామరాజు మంత్రి నాగమ్మను కుటిలురాలిగా వర్ణించే ఘట్టం వచ్చినప్పుడల్లా మా అమ్మమ్మ, “ఆ ఎత్తే మగవాడు వేస్తే రాజనీతి అనేవాళ్లు” అని నా చెవిలో చెప్పేది. అలాగని నాగమ్మను సాధ్విగా మార్చి రాయకండి. ఆమె పంతాన్ని, తెలివిని, తప్పును కూడా ఆమెకే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గవాక్షం దగ్గరి అధ్యాయాన్ని పూర్తిగా తీసేస్తున్నాను. ఆ స్థానంలో చెరువు కట్ట మీద నిలబడి తూము పనులు చూసుకుంటున్న మైలాంబతో కథ మొదలుపెడతాను.