గ్రాంటు ఇవ్వలేదు సరే, ఎందుకివ్వలేదో చెప్పొద్దా?

నీడబొమ్మ: తోలుబొమ్మలాట మీద పనికి ఒక సంస్థను 2 లక్షల చిన్న గ్రాంటు అడిగాను. అనంతపురం వైపు ఒక పెద్దాయన రంగనాథ రామాయణం ద్విపదలు కాగితం చూడకుండా తెల్లవార్లూ పాడతారు. అవన్నీ రికార్డు చేయాలని నా తాపత్రయం. నిన్న మెయిల్ వచ్చింది: ‘ఈసారి మీ ప్రతిపాదనను ఎంపిక చేయలేకపోతున్నాం.’ పోయినేడు కూడా అక్షరం పొల్లు పోకుండా ఇదే వాక్యం. ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. కారణం చెప్పాల్సిన బాధ్యత లేదా?

కోరాకాగితం: నాకు మూడుసార్లు ఇలాగే అయింది. రాయడమే మానేశా.

లెక్కలపద్దు: ఇలాంటి ఎంపిక కమిటీలో రెండేళ్లు కూర్చున్నాను. మూడొందల దరఖాస్తులకు పన్నెండు గ్రాంట్లు. చివరికి మిగిలిన ఇరవైలో తీసెయ్యదగ్గది ఒక్కటీ ఉండదు. పన్నెండు పోగా ఆ ఎనిమిదికి ఏం కారణం రాయమంటారు, డబ్బు అయిపోయిందని తప్ప? మీ బడ్జెట్ పేజీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.

నీడబొమ్మ: నేనడిగేది బడ్జెట్ గురించి కాదండీ. ఆ ఎనిమిదిలో ఉన్నానా, మొదటిరోజే పక్కన పెట్టేశారా? అదొక్కటి తెలిసినా మళ్లీ రాయాలో వద్దో తేల్చుకుంటాను.

లెక్కలపద్దు: బడ్జెట్ పెట్టండి.

వేపచెట్టు: ఒక్క గుమ్మమే పట్టుకుని కూర్చోకండి. బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కి తెలుగులోనే రాసి పంపొచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్పులూ ఉన్నాయి: జూనియర్‌కి నెలకు 10 వేలు, సీనియర్‌కి 20 వేలు, రెండేళ్లపాటు.

నీడబొమ్మ: థాంక్సండీ. బడ్జెట్ ఇదిగో. కెమెరా, సౌండ్ అద్దె 80,000. ఎడిటింగ్ 45,000. ప్రయాణం, బస 30,000. కళాకారుల బృందానికి 20,000. ఇతరాలు 25,000.

లెక్కలపద్దు: బృందంలో ఎంతమంది? ఎన్ని రాత్రులు?

నీడబొమ్మ: ఏడుగురు. నాలుగు రాత్రులు.

లెక్కలపద్దు: అంటే మనిషికి రాత్రికి 714 రూపాయలు. పాడే గొంతుకంటే దాని ముందు పెట్టే మైకుకే ఎక్కువ ఇస్తున్నారు. నేనైతే అక్కడే ఆగిపోతాను.

నీడబొమ్మ: ఆయన అసలేమీ వద్దన్నారు! నేనే పట్టుబట్టి ఆ మాత్రం వేశాను. నాకంటూ ఒక్క రూపాయి వేసుకోలేదు. జీతం కోత పడ్డా సెలవులు పెట్టి తిరిగాను. అది మీకు కనబడదా?

ధర్మవరం కుర్రోడు: ‘వద్దు’ అనే అంటాడక్కా. ఇంటికొచ్చినోళ్లను డబ్బులెట్లడుగుతాడు? మా పెదనాయన బొమ్మలాడించేవాడు. మేకతోలు నానబెట్టి, గీకి, ఎండబెట్టి, సీత మెళ్లో హారానికి ఒక్కో చిల్లీ ఉలితో కొట్టేవాడు. యుద్ధం ఘట్టం వస్తే పాడతానే కాలికింద చెక్కలు టపటపా తొక్కేవాడు. ముగ్గురొచ్చి రికార్డు చేసుకోని పోయినారు. మా ఇంట్లో ఒక క్యాసెట్టు లేదు, పెన్‌డ్రైవు లేదు. పెదనాయన పోయినాడు. ఆయన గొంతు ఇప్పుడు యాడుందో మాకు తెలీదు. మీ అప్లికేషన్లో ఆ పెద్దాయన పేరు యాడ రాసినారు?

నీడబొమ్మ: నన్ను వాళ్లతో కలపొద్దు తమ్ముడూ. ఆయనకు మెయిల్ లేదు, ఫారం నింపలేరు. దరఖాస్తు నా పేరునే కదా పెట్టాలి?

లెక్కలపద్దు: ఇద్దరి పేర్లూ పెట్టొచ్చు. రికార్డింగులు ఎవరివని రాశారు?

నీడబొమ్మ: (మరుసటి రోజు) పెద్దాయనకు ఫోన్ చేసి బడ్జెట్ మొత్తం చదివి వినిపించాను. డబ్బు మాట ఎత్తలేదు. ‘పాటలు మా పిల్లోళ్లకు ఇస్తావా తల్లీ?’ అన్నారు. అప్లికేషన్లో ఆ సంగతి నేనసలు రాయనేలేదు. లెక్కలపద్దు గారూ, మీరు పట్టుకున్నది నిజమే. కానీ ఇదే ముక్క పోయినేడు ఆ మెయిల్లో రెండు వాక్యాల్లో రాసి ఉంటే, ఈ ఫోన్ అప్పుడే చేసేదాన్ని.