‘హోవర్’‌ని తెలుగులో ఏమందాం?

కోడ్ రాసే ఎడిటర్‌లో మెథడ్ (ఫంక్షన్) పేరు మీద మౌస్ ఆపితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది కదా. అది ఏం చేస్తుందో, దానికి ఏమేం ఇవ్వాలో, తిరిగి ఏం వస్తుందో అందులో ఉంటుంది. కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్లకి తెలుగులో పాఠాలు రాస్తున్నాను, ‘హోవర్ డాక్యుమెంటేషన్’ అని రాయబుద్ధి కావడం లేదు. హోవర్ అంటే గాలిలో తేలడం కదా అని ‘తేలు పెట్టె’ అని రాసి చూశాను. చదివిన మిత్రుడు తేలు ఎక్కడుందని అడిగాడు. మంచి మాట చెప్పండి.

— తేలు బాగుంది! అంత దూరం ఎందుకండీ? పక్కవాళ్లకి చూపించేటప్పుడు ‘దాని మీద మౌస్ పెట్టి చూడు, వస్తుంది’ అంటాం. అదే రాయండి.

— మౌస్ ముట్టని నాలాంటివాళ్ల మాటేమిటి? విమ్ ఎడిటర్‌లో పదం మీద కర్సర్ ఉంచి పెద్ద ‘కె’ నొక్కుతాం. వీఎస్ కోడ్‌లో అయితే కంట్రోల్-కె, వెంటనే కంట్రోల్-ఐ. ఎలా తెరిచామన్నది పక్కన పెట్టి, లోపల ఉన్నదానికి పేరు పెట్టండి.

— అయితే ‘వ్యాఖ్య’ సరిపోదూ?

— సరిపోదు. దాన్ని కోడ్ మధ్యలో రాసుకునే కామెంట్‌కి వాడేశాం. పైథాన్‌లో ఫంక్షన్ లోపల హ్యాష్ గుర్తు పెట్టి రాసింది ఆ పెట్టెలోకి రాదు, ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ లైన్ కిందే మూడేసి కోట్ గుర్తుల మధ్య రాసిన వివరణ, అంటే డాక్‌స్ట్రింగ్, వస్తుంది. జావాలో తేడా ఇంకా సన్నం: స్లాష్ తర్వాత రెండు నక్షత్రాలుంటే పెట్టెలోకి వచ్చే జావాడాక్, ఒక్కటే ఉంటే ఉత్త కామెంట్. ఆ రెండో నక్షత్రం మరిచిపోయి, నేను రాసిన వివరణ ఎందుకు కనబడదని ఒక పూటంతా తల పట్టుకున్నాను.

నా ఓటు ‘టిప్పణి’కి. టీక అంటే మూలాన్ని పదం పదం విప్పుకుంటూ పోవాలి. టిప్పణి అవసరమైన చోట క్లుప్తంగా పెట్టేది. పద్యాల పుస్తకాల్లోని మిగతా మాటలు కూడా లోపల అమరిపోతాయి: పైన ఒక్క లైనులో ఉండేది తాత్పర్యం, పారామీటర్ల (ఫంక్షన్‌కి ఇవ్వాల్సినవాటి) వరస ప్రతిపదార్థం.

— టిప్పణి తీసుకుంటున్నాను, ప్రతిపదార్థం కూడా. ఇంకో చిక్కు. డాక్‌స్ట్రింగ్ ఎలా రాయాలో చెప్పే పైథాన్ వాళ్ల పత్రం పెప్ 257 ప్రకారం డాక్‌స్ట్రింగ్ మొదటి లైను ఆజ్ఞలా ఉండాలి. తెలుగులో ‘జాబితాను తిరగేసి ఇవ్వు’ అని రాస్తే చదివేవాడికే పని చెప్పినట్టుంది.

— ‘ఇస్తుంది’ అని రాసేయండి. జావాడాక్ వాళ్లు కూడా ప్రథమ పురుషలోనే రాయమంటారు. ‘ఇవ్వండి’ అని మాత్రం రాయకండి, ఫంక్షన్‌కి మర్యాద ఇచ్చినట్టవుతుంది.