అప్‌డేట్: వేసవిలో ఆత్మపరిశీలన కోసం చదవడం

వేసవి సెలవుల్లో నన్ను నేను పరిశీలించుకోవడానికి ఏం చదవాలి, చదివింది నిలవాలంటే ఏం చేయాలి అని అడిగాను. మీ సలహాల్లో పనికొచ్చినవి ఇవి.

పుస్తకం ఒక్కటే చాలు. వరసపెట్టి నాలుగు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదివితే ఒకే మాట నాలుగు రకాలుగా వినిపిస్తుంది, ఆచరణకు ఏదీ మిగలదు. రోజుకు పది పేజీలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడు నాలుగు వాక్యాల్లో సొంత మాటల్లో రాయాలి. చూసి రాస్తే అది నకలే. ఆ తర్వాత ఒక ప్రశ్న: ఇందులో నాకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది, ఎందుకు? అసలు పని ఇక్కడే జరుగుతుంది. "బాగుంది", "స్ఫూర్తినిచ్చింది" అని రాస్తే తప్పించుకున్నట్టే; ఇంట్లోనో ఆఫీసులోనో నిజంగా జరిగిన ఒక సందర్భం రాయాలి. వారం తర్వాత ఆ పేజీలు తిరగేస్తే పదేపదే వచ్చే విషయం బయటపడుతుంది.

రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ తన కోసం రాసుకున్న 'మెడిటేషన్స్' పుస్తకంలోని 12 భాగాల్లో మొదటిది మొత్తం, ఎవరి నుంచి ఏం నేర్చుకున్నాడో చెప్పేదే. అలాంటి జాబితాతో మొదలుపెట్టడం తేలిక.

విశాఖ ఉక్కపోతకు చెమట చేతుల కింద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, పెన్సిలే మేలు. మేలో అయిదున్నరకే వెలుగొస్తుంది కాబట్టి ఎండ ముదరకముందే చదవొచ్చు. పుస్తకం కొనే ముందు ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో కొన్ని పేజీలు చదివి చూడండి.