«నెక్లెస్», «ఓవర్‌కోట్»: సమాజం ఇచ్చిన మాట ఎక్కడ తప్పింది?

కథాభిలాషి అడిగిన ప్రశ్న:

ఫ్రెంచ్ రచయిత మపాసా 1884లో రాసిన «నెక్లెస్»నూ, 1842లో అచ్చయిన రష్యన్ రచయిత గోగోల్ «ఓవర్‌కోట్»నూ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాస్తున్నాను. రెండింటిలోనూ చిరుద్యోగుల బతుకే కనిపిస్తుంది. ఒంటి మీద ఫలానా వస్తువు ఉంటే చాలు, పెద్దల మధ్య చోటు దొరుకుతుంది, అంతటితో జీవితానికి లోటు ఉండదు అని సమాజం ఎవరి నోటా అనకుండానే ఇచ్చే హామీ రెండు కథలకూ ఇరుసు. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకున్న వజ్రాల హారం ఒక్క రాత్రి చిరుద్యోగి భార్య మెటిల్డా మెడలో మెరిసి మాయమవుతుంది, కొత్త కోటు ఒక్క రోజు గుమస్తా అకాకీ అకాకియేవిచ్ భుజాల మీద నిలిచి దొంగల పాలవుతుంది.

నా సందేహం ఇది. ఆ హామీ అబద్ధమని తేలేది వస్తువు పోవడం వల్లనేనా? అలాగైతే హారం పోకుండా ఉంటే, ఆ చౌకులో దొంగలు ఎదురుపడకుండా ఉంటే, హామీ నిజమై ఉండేదని ఒప్పుకోవాలి. అప్పుడు ఇవి రెండూ దురదృష్టం గురించిన కథలుగా మిగులుతాయి గాని సమాజం గురించిన కథలు కావు. మెటిల్డాది అత్యాశ, అకాకీది అమాయకత్వం అని తేల్చేసే పాఠ్యపుస్తకపు తీర్పు కూడా నాకు రుచించడం లేదు. మీరు ఈ కథలను ఎలా చదివారో చెప్పగలరా?

పాతపుటలు రాసిన సమాధానం:

కథాభిలాషి గారూ, వస్తువు పోవడానికి ముందు జరిగిన ఘట్టాలను మళ్లీ నెమ్మదిగా చదవండి. మీ సందేహానికి జవాబు అక్కడే ఉంది. రెండు కథల్లోనూ హామీ ఆ రాత్రే, పోగొట్టుకోవడానికి ముందే, బీటలు వారింది.

గోగోల్ కథలో కొత్త కోటు వేసుకుని అకాకీ కార్యాలయానికి రాగానే తోటి గుమస్తాలందరూ చూడటానికి పరుగెత్తుకొస్తారు, అభినందిస్తారు, కొత్త కోటుకు విందు ఇచ్చి తీరాలంటారు. అతను సిగ్గుతో ఏమి చెప్పాలో తెలియక తికమకపడుతుంటే, సహాయ ప్రధాన గుమస్తా ఒకడు తన నామదినం (తన పేరుగల సెయింట్‌ను తలుచుకునే పండుగ) కూడా ఆ రోజే గనక ఆ విందు తానే ఇస్తానని అందరినీ ఇంటికి పిలుస్తాడు. ఏళ్ల తరబడి ఎగతాళి తప్ప మరొకటి ఎరుగని మనిషికి ఇది చిన్న విషయం కాదు. తీరా అక్కడికి వెళ్లాక ఏమవుతుంది? అతిథులు మరోసారి నడవలోకి వెళ్లి కోటును చూసి మెచ్చుకుని, వెంటనే అతన్నీ కోటునూ వదిలేసి పేకాట బల్లల దగ్గరికి వెళ్లిపోతారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, కాళ్లు ఎక్కడ ఉంచాలో కూడా అతనికి తెలియదు. అర్ధరాత్రి దాటాక ఎవరికీ చెప్పకుండా బయటికి వస్తే, అంతమంది పొగిడిన ఆ కోటు నడవలో నేల మీద పడి ఉంటుంది. అతను దాన్ని దులిపి, అంటుకున్న నలకలు తీసి, తొడుక్కుని మెట్లు దిగుతాడు. దొంగలు ఆ తర్వాతే వస్తారు. ఆ కోటు నేల మీద పడి ఉండటాన్ని గోగోల్ ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాడు గాని, కథలో నాకు అన్నిటికంటే కఠినంగా తోచేది ఆ వాక్యమే.

మపాసా కథలోనూ ఇంతే. మంత్రి ఇచ్చిన విందులో మెటిల్డాకు దక్కిన విజయంలో ఏ లోపమూ లేదు. మగవాళ్లందరూ ఆమె వైపే చూస్తారు, పేరు అడుగుతారు, పరిచయం కోరతారు, మంత్రి కూడా గమనిస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరేటప్పుడు భర్త ఆమె భుజాల మీద రోజూ కప్పుకునే సాదా శాలువ వేస్తాడు. ఖరీదైన బొచ్చు కోట్లు వేసుకుంటున్న మిగతా స్త్రీల కంట ఆ శాలువ పడకూడదని, బండి తెస్తాను ఆగమని భర్త అంటున్నా వినకుండా, ఆమె మెట్లు దిగి పరుగు తీస్తుంది. హారం అప్పటికి పోయిందో లేదో మనకు తెలియదు, పోయిందని ఆమెకు అసలే తెలియదు. ఆ రాత్రంతా అందరి కళ్లలో నిలిచిన మనిషి చివరికి అందరి కళ్లనూ తప్పించుకుని పారిపోవలసి వచ్చింది. అదే సమయంలో ఆమె భర్త అర్ధరాత్రి నుంచి పక్క గదిలో, భార్యల కోసం కాచుకున్న మరో ముగ్గురు భర్తలతో కలిసి కునికిపాట్లు పడుతున్నాడని మపాసా ఒక ముక్క చేర్చాడు. ఇది నవ్వించడానికి పెట్టిందే కావచ్చు గాని, ఆ వెలుగుల హాలు వెనక ఎలాంటి గది ఉంటుందో కూడా అది చూపిస్తుంది.

కాబట్టి హారం పోకపోయినా, కోటు ఉండిపోయినా, మరునాడు మెటిల్డా తన ఇంట్లోనే కళ్లు తెరిచేది, అకాకీ తన బల్ల దగ్గరే కాగితాలు నకలు రాస్తూ కూర్చునేవాడు. సమాజం మర్యాద చేసింది వస్తువుకు. మనిషి దాన్ని మోసుకొచ్చిన పాపానికి ఆ పూటకు అందులో కొంత వాటా పొందాడు, అంతే.

ఉత్తరగాలి రాసిన సమాధానం:

పాతపుటలు గారి పరిశీలన బాగుంది గాని, రెండు కథలనూ అంత దగ్గరగా జరపడం మీద నాకు అభ్యంతరం ఉంది. మెటిల్డాకు హారం అవసరం లేదు. పది ఫ్రాంకులు పెడితే రెండు మూడు మంచి గులాబీలు వస్తాయి, అవి పెట్టుకోమని భర్త చెబుతాడు. ధనవంతురాళ్ల మధ్య పేదరాలిగా కనబడటం కంటే అవమానం లేదని ఆమె కొట్టిపారేస్తుంది. అంటే ఆ హామీ కథ మొదలయ్యేసరికే ఆమె నరనరాల్లో ఉంది.

అకాకీ సంగతి అలా కాదు. అతనికి చలి వేస్తోంది. పీటర్స్‌బర్గ్ మంచులో పాత కోటు వీపు దగ్గర జల్లెడలా తయారైతే కొత్తది కావాలనుకోవడం ఆశ అనిపించుకోదు. అతను పాతదానికే అతుకు వేయించుకోవాలని వెళ్తాడు. ఇక అతుకు నిలవదు, కొత్తదే కుట్టించాలి అని తేల్చి చెప్పినవాడు దర్జీ పెత్రోవిచ్. ఏడాదికి 400 రూబుళ్ల జీతగాడికి అతను మొదట చెప్పిన ధర 150 రూబుళ్లు, చివరికి కుదిరింది 80. దాని కోసం అకాకీ సాయంత్రపు టీ మానేశాడు, కొవ్వొత్తి వెలిగించడం మానేశాడు, చెప్పుల అడుగులు అరగకుండా రాళ్ల మీద మునివేళ్లతో నడిచాడు.

నా దృష్టిలో గోగోల్ చూపిన మోసం మపాసా చూపినదానికంటే లోతైనది. సమాజం ఒక నిజమైన అవసరాన్ని పట్టుకుని, దానికి తన హామీని తగిలిస్తుంది. కోటు నిజంగానే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంతో పాటు గౌరవం కూడా వస్తుందన్న మాట మాత్రం బయటివాళ్లు కుట్టిపెట్టింది. మార్టెన్ అనే జంతువు ఖరీదైన బొచ్చు తోలుకు డబ్బు చాలక పిల్లి తోలు కాలరు వేయించి, దూరం నుంచి చూస్తే మార్టెన్ లాగే ఉంటుందని సంతోషించిన చోటనే చలి బాధ వెనక్కి పోయి చూపరుల కన్ను ముందుకు వచ్చేసింది.

ఇంకొక చారిత్రక విషయం కూడా మీ వ్యాసానికి పనికొస్తుంది. అకాకీ హోదా టిట్యులర్ కౌన్సిలర్. పీటర్ చక్రవర్తి 1722లో ఏర్పరచిన 14 మెట్ల కొలువు పట్టికలో అది 9వ మెట్టు. గోగోల్ ఈ కథ రాసేనాటికి పౌరకొలువులో 8వ మెట్టు ఎక్కినవాడికి వంశపారంపర్యంగా ప్రభువర్గపు హోదా దక్కేది. ఆ పై మెట్టు కంటికి కనిపిస్తూ కాలికి అందని చోట ఆగిపోయిన వేలమందిలో అకాకీ ఒకడు. మీరు హామీ అంటున్నది ఆ దేశంలో చట్టంగానే రాసి ఉంది.

చిన్నమాట రాసిన సమాధానం:

ఇద్దరూ కింద నిలబడి పైకి చూసేవాళ్ల గురించే రాశారు. ఇప్పటికే పైన ఉన్నవాళ్లను కూడా చూడండి. పదేళ్ల తర్వాత కూడా పడుచుగా, అందంగా కనబడే ధనికురాలు, మెటిల్డాకు హారం అరువిచ్చిన స్నేహితురాలు ఫారెస్టియర్ నల్ల శాటిన్ పెట్టెలో దాచుకున్నది, మహా అయితే 500 ఫ్రాంకులు చేసే గాజురాళ్ల హారం. దాన్ని ఆ విందులో ఒక్కరూ పోల్చుకోలేదు. అసలైన హారం కొని ఆమెకు తిరిగి ఇచ్చినప్పుడు ఆమె పెట్టె తెరిచి కూడా చూడలేదు. ఇక గోగోల్ కథలో, కోటు పోయాక అకాకీ మొర పెట్టుకోవడానికి వెళ్లిన పెద్ద అధికారి ‘ప్రముఖ వ్యక్తి’ని చూడండి. జనరల్ హోదా రావడానికి వారం ముందే ఆయన అద్దం ముందు నిలబడి కటువైన, గట్టి గొంతుతో మాట్లాడటం సాధన చేశాడు. స్వభావతః మంచివాడే గాని, తనకంటే ఒక్క మెట్టు తక్కువవాళ్లు గదిలో ఉంటే చాలు, ఏం మాట్లాడితే పరువు పోతుందోనని నోరు మూసుకుని కూర్చుంటాడు. హామీ నెరవేరినవాళ్ల స్థితి ఇది. మీ ప్రశ్నకు దీన్ని మించిన సాక్ష్యం నాకు కనబడదు.

కథాభిలాషి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేల మీద పడిన కోటును నేను పూర్తిగా విస్మరించాను, అది వ్యాసానికి నడిబొడ్డు అవుతుంది. మరొక్క సందేహం తీర్చండి. రెండు కథల్లోనూ నిజమైన తృప్తి అంటూ ఎక్కడైనా ఉందా, లేక రచయితలు దాన్ని పూర్తిగా నిరాకరించారా?

పాతపుటలు రాసిన సమాధానం:

ఉంది. అది ఇద్దరికీ వేర్వేరు చోట్ల దొరుకుతుంది. మీరు తేడా రాయదలిస్తే ఇక్కడ రాయండి.

అకాకీకి తృప్తి దొరికింది కోటు చేతికి రాకముందు. డబ్బు కూడబెడుతున్న ఆ నెలల్లో కడుపు మాడినా, రాబోయే కోటు తలపే తనకు ఆహారమైనట్టు, జీవితాన్ని పంచుకోవడానికి ఒక తోడు దొరికినట్టు అతను బతికాడు. మాటలో, నడకలో స్థిరత్వం వచ్చింది. ఉత్తర్వులు నకలు రాస్తూ ఆలోచనలో పడి దాదాపు తప్పు రాయబోయి తుళ్లిపడతాడు. అంతకుముందు అతనికి నచ్చిన అక్షరాలు రాసేటప్పుడు ముఖం వెలిగిపోయేదని కూడా గోగోల్ చెప్పాడు. ఆ ఆనందానికి విలువ కట్టేవాళ్లు ఆ ఊళ్లో లేరు.

మెటిల్డాకు అది చివర్లో వస్తుంది. తండ్రి నుంచి భర్తకు వచ్చిన 18,000 ఫ్రాంకులు పోను మిగతాది అప్పు చేసి 36,000 పెట్టి హారం కొన్నాక, పదేళ్లు అంట్లు తోమి, నీళ్లు మోసి, ఒక్కొక్క సూ (చిల్లర నాణెం) కోసం బేరమాడి, బాకీ మొత్తం తీర్చేశారు. ఆ తర్వాత ఒక ఆదివారం పారిస్‌లోని షాంజెలీజే వీధిలో ఫారెస్టియర్ కనబడితే, ఆమె తనంతట తానే పలకరించి జరిగిందంతా చెబుతుంది. హారం మారిన సంగతి మీరు కనిపెట్టలేదన్నమాట అని గర్వంగా, అమాయకంగా నవ్వుతుంది. విందులో పొందిన గర్వానికి అరువు నగ కావలసి వచ్చింది, ఈ గర్వం మాత్రం తన చేతుల కష్టంతో వచ్చింది. మపాసా క్రూరత్వం ఏమిటంటే, తరువాతి రెండు వాక్యాల్లోనే ఆ హారం నకిలీదని చెప్పించి కథ ఆపేశాడు. ఆ మాట విన్నాక ఆ గర్వం మిగిలిందో లేదో ఆయన చెప్పలేదు. మిగిలిందనే నేను అనుకుంటాను, ఒప్పుకోనివాళ్లే ఎక్కువ.

ఉత్తరగాలి రాసిన సమాధానం:

నేను ఒప్పుకోను. హారం నకిలీదని తెలిసిన క్షణాన ఆ పదేళ్ల చాకిరీకి అర్థమే తారుమారైంది. అలాంటప్పుడు గర్వం ఏ ఆధారం మీద నిలుస్తుంది? అయితే ఇది మీ వ్యాసానికి అడ్డు రాదు. కథాభిలాషి గారూ, మీరు అంతకంటే ముందు తేల్చుకోవలసింది గోగోల్ కథ ముగింపు. మపాసా కథలో ఎవరూ ఎవరినీ నిలదీయరు. గోగోల్ కథలో చనిపోయిన అకాకీ దెయ్యమై వచ్చి, హోదాతో పని లేకుండా అందరి కోట్లూ లాక్కుని, చివరికి ఆ ‘ప్రముఖ వ్యక్తి’ భుజాల మీది కోటు కూడా గుంజుకుంటాడు. ఆ తర్వాత ఆయన కింది ఉద్యోగుల మీద అరవడం కొంత తగ్గించాడని, అరిచినా ముందు ఎదుటివాడు చెప్పేది విన్నాడని గోగోల్ రాశాడు. దీన్ని న్యాయం జరగడంగా చదువుతారా, న్యాయం కావాలంటే దెయ్యమే రావాలనే ఎత్తిపొడుపుగా చదువుతారా అన్నదాన్ని బట్టి మీ పోలిక మారిపోతుంది. నేనైతే రెండోదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే బతికున్న అకాకీ చెప్పుకున్న మొరను ఆ దొర ఒక్క నిమిషం కూడా వినలేదు.