లూమ్ షెడ్డు శబ్దానికి ఫోన్ యాప్ కొలత చాలదా?

షటిల్‌పెట్టె: విజయనగరం వైపు జూట్ మిల్లు. లూమ్ షెడ్డులో ఫోన్ యాప్ 92 నుంచి 96 డెసిబెల్స్ చూపిస్తోంది. చెవుల్లోకి ఫోమ్ ప్లగ్గులు ఇచ్చారు. ఇంక డోసిమీటరు (షిఫ్టంతా ఒంటిమీద ఉండి శబ్దం మోతాదు కొలిచే మీటరు) దేనికి అంటున్నారు. నిజమేనా?

నాగావళి: కాదు. ఫోన్ మైకు మాటల కోసం చేసింది. పికింగ్ స్టిక్ (మగ్గం కర్ర) నూలు మోసే షటిల్ని తన్నే దెబ్బను అది పూర్తిగా పట్టదు, పై అంకె తెగిపోతుంది. ఫ్యాక్టరీ నిబంధనల్లో రోజుకి ఉండనిచ్చేది 90 డెసిబెల్స్‌కి 8 గంటలు, 92కి 6, 95కి 4, 100కి 2 గంటలే. నీ 92కి, 96కి మధ్య రెండు గంటలకు పైనే తేడా ఉంది. డోసిమీటరుని షిఫ్టు ముందూ తర్వాతా 94 డెసిబెల్స్ క్యాలిబ్రేటరుతో సరిచూడాలి. మైకు మగ్గం వైపు భుజం మీద, చెవి రంధ్రానికి కనీసం 10 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. భుజం మీది తువ్వాలు దానికి రాసుకుంటే ఆ రాపిడే కొలతలో పడుతుంది.

చంపావతి: చేయి చాపితే అందే మనిషికి అరిచి చెప్పాల్సి వస్తోందంటే 85 దాటినట్టే. దానికి మీటరెందుకు? షటిల్ దెబ్బ తగిలే అరిగిన పికర్లు, బఫర్లు మార్చండి, వదులు బోల్టులు బిగించండి.

నాగావళి: మార్చాలి. ఎంత తగ్గిందో కొలవకుండా ఎలా తెలుస్తుంది?

వంశధార: ప్లగ్గులిచ్చాక ఇంకేటి గొడవ?

నాగావళి: ప్యాకెట్ మీద శబ్దం తగ్గింపు 29 అని ఉంటే 29 తగ్గదు. ఏ-స్కేలు (మనిషి చెవి వినే తీరుకి సరిపెట్టిన) కొలతకైతే 7 తీసేసి మిగిలింది సగం చేస్తారు, అంటే 11. షెడ్డులో 100 ఉంటే చెవికి 89 చేరుతుంది. ప్లగ్గుని సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చాలి. ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. పనిచోటు ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ఇంకా కఠినం, అందులో 100 డెసిబెల్స్‌కి రోజుకి 15 నిమిషాలే. మాట్లాడ్డానికని ప్లగ్గులు అరగంట తీసేస్తే ఆ రోజు మోతాదుకి రెట్టింపు అక్కడే అయిపోయింది.

చంపావతి: మీకెప్పుడూ అంకెలే! ఆ కొలతల కాగితం ఎవరి బీరువాలో ఉంటాది? ఆడియోగ్రాంలో (వినికిడి పరీక్ష గ్రాఫులో) 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి కనపడితే కాంట్రాక్టు మనిషికి మర్నాడు గేటు పాసు ఉండదు. అందుకే పరీక్షలో శబ్దం వినపడకపోయినా వినపడిందని బటన్ నొక్కేస్తన్నారు. మీటరు తెచ్చేది మమ్మల్ని ఏరేయడానికే.

నాగావళి: ఇదీ అసలు సంగతి, ముందే చెప్పాల్సింది. మీ భయం తప్పు కాదు. కానీ బటన్ అబద్ధం నొక్కితే చెవి బాగున్నట్టు మిల్లుకి సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. శబ్దం వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూల్లో పనివల్ల వచ్చే జబ్బుగా ఉండేది, 2025లో వాటి చోట వచ్చిన కార్మిక కోడ్లలోనూ ఉంది. కాగితం లేకపోతే వయసు మీద తోసేస్తారు. డోసు కాగితం, ఆడియోగ్రాం రెండింటి నకలూ అదే రోజు కార్మికుడి చేతికి రావాలని అడగండి.

చంపావతి: నకలు చేతికొస్తే మీటరు తగిలించుకోమని నేనే చెప్తాను. పికర్లు మార్చడం మాత్రం కొలత కోసం ఆగకూడదు.

షటిల్‌పెట్టె: పనిలో చేరినప్పటి వినికిడి పరీక్ష మాలో ఎవరికీ లేదు. ఇప్పుడేటి చెయ్యాలి?

నాగావళి: ఇప్పుడు చేసిందే మొదటిది అవుతుంది. వారం సెలవు అయ్యాక, షెడ్డులోకి దిగకముందే చేయించండి. అంతకుముందు 14 గంటలు చెవికి పెద్ద శబ్దం తగలకూడదు. పెళ్లి డీజే పెట్టెలు కూడా అందులోకే వస్తాయి.