అప్‌డేట్: కేంద్రకం పొర చిరిగితే కణం చచ్చిపోతుందా?

పోయిన నెల ఇదే అడిగాను. తెల్ల రక్తకణం సన్నని సందులోంచి దూరేటప్పుడు కేంద్రకం పొర చిరిగితే కణం బతుకుతుందా అని. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. క్లాసులో ఒకమ్మాయి అడిగితే నోట మాట రాలేదు.

"చచ్చిపోతుంది" అన్నవాళ్లే ఎక్కువ. కానీ చాలాసార్లు బతుకుతుందట! 2016లో సైన్స్ పత్రికలో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి: ఆ చిరుగును కణమే పూడ్చుకుంటుంది.

క్లాసులో చెరువు కట్టకు గండి పడ్డట్టు అని చెప్పాను. లామిన్ల జాలి పలచబడిన చోట పొర ముందు బుడగలా ఉబ్బుతుంది, తర్వాత పగులుతుంది. (పాత ప్రశ్నలో లామిన్‌ను పొర అని రాశాను, తప్పు. అది పొరకు లోపలివైపు అల్లుకున్న ప్రోటీన్ జాలి.) బయటపడ్డ డీఎన్‌ఏను బ్యాఫ్ అనే చిన్న ప్రోటీన్ పట్టుకుని, పూడ్చే సరంజామాను రప్పిస్తుంది. ఎస్కార్ట్-3 ప్రోటీన్లు కన్నం మూయడంలో సాయపడతాయి. ఇక్కడ నా పోలిక కుంటుతుంది. గండికి ఇసుక బస్తాలు ఎక్కడినుంచో మోసుకొస్తాం. కణానికి ఆ బాధ లేదు, కేంద్రకానికి అతుక్కునే ఉన్న ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణంలో అల్లుకున్న పొరల వల) పొరే పనికొస్తుంది.

అలాగని ఆ చిరుగు ఊరికే పోదు, డీఎన్‌ఏ దెబ్బతినొచ్చు. లామిన్-ఏ జన్యువులో లోపముంటే కండరాల క్షీణత, గుండె జబ్బులు వస్తాయని చెప్పగానే అదే అమ్మాయి, "నిత్యం సాగుతూ ముడుచుకునేవి కండరాలూ గుండే కదా సార్" అంది. నాకన్నా ముందే పట్టేసింది.